ఈల తాగని పాలు

సూర్యాపేట,
జనవరి 2004

అక్కా,

కవరు చూసి బావ "మళ్ళీ ఏం కొంప మునిగిందో" అనుకుంటాడు. ఏదీ మునగలేదని ముందు ఆయనకు చెప్పు. ఫోను మీ అత్తమ్మ మంచం పక్కన ఉన్నంతకాలం మనిద్దరికీ పోస్టుమ్యానే దిక్కు.

సంగతేమిటంటే, నా నవలను కోదాడ నుంచి వచ్చే "తూర్పు గాలి" మాసపత్రికలో సీరియల్‌గా వేస్తామన్నారు. సంపాదకురాలు లక్ష్మీకాంతమ్మ గారు రిటైరైన తెలుగు టీచరు. తనే స్వయంగా కార్డు రాశారు. వేరే గ్రహం పిల్ల కథ ఇది. నవ్వితే నవ్వావు గానీ, మొత్తం చదివాక నవ్వు.

నాకు చాలాకాలంగా ఒళ్ళు మండే విషయం ఒకటుంది. మన కథల్లో వేరే గ్రహం నుంచి ఎవరైనా దిగారంటే నుదుటి మీద ఒక బొడిపె పెడతారు, చెవులు కాస్త సాగదీస్తారు, ఆకుపచ్చ రంగు పూస్తారు, పని అయిపోయిందంటారు. వాడు మన గాలే పీలుస్తాడు. మన అన్నమే తింటాడు. మూడో భాగానికల్లా మన అమ్మాయినే ప్రేమిస్తాడు. వాడి నెత్తురులో ఇనుముందా, రాగి ఉందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నేను ఎమ్మెస్సీలో బయోకెమిస్ట్రీ చదివింది ఇంటర్ పిల్లలకు కప్ప బొమ్మ గీయించడానికే కాదు కదా. వేరే లోకం అంటే కొమ్ములు కాదక్కా, కడుపు. ఏది తిండి, ఏది విషం, అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

నా కథలో పిల్ల పేరు ఈల. ఆమె లోకంలో పాలిచ్చే జీవమే పుట్టలేదు. పసివాళ్ళు రాళ్ళ మీది నాచు గీరుకుని తిని పెరుగుతారు. పాలే లేని చోట పాలలోని చక్కెరను మార్చుకునే ఎంజైమ్ ఎందుకుంటుంది? నెత్తురులో రాగి కాబట్టి పెదవులు నీలంగా ఉంటాయి. మాట ఈలగా వస్తుంది. ఆమె మన వైపు ఒక గొర్రెల మంద దగ్గర పడుతుంది. కాపరి తన గొర్రెల కోసం ఈల వేస్తే చెలక అవతల నుంచి తిరిగి ఈల వినిపిస్తుంది. ఆయనా, ఆయన భార్యా పిల్లను ఇంటికి తెచ్చుకుంటారు. ఆకలిగా ఉందని పాలు పోస్తారు. మనవాళ్ళు ఇంకేం పోస్తారు?

ఈల ఎవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నీ కూతురు రేణుక పేరు గానీ దాని జబ్బు పేరు గానీ ఎక్కడా రాయను. కానీ హైదరాబాద్ డాక్టరు ఆ రోజు కాగితం మీద గీసి చూపించిన బొమ్మే నా నవల. పాల చక్కెర కడుపులో రెండుగా విడిపోతుంది. ఒక సగం ఒంటికి పడుతుంది. గాలాక్టోజ్ అనే రెండో సగాన్ని మార్చే ఎంజైమ్ మన రేణుకకు పుట్టుకతోనే లేదు. అది అలాగే పేరుకుపోయి కాలేయాన్నీ, మెదడునూ, కళ్ళనూ పాడుచేస్తుంది. ఈ మాట ముందే తెలిసి ఉంటే నీ మొదటి బిడ్డ దక్కేవాడు. నీ పాలే తాగి పోయాడని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు ఏడవలేదు. "రెండోదాన్ని పోనియ్య" అని లేచి నిలబడ్డావు. ఆ మాట నా కథలో కాపరి భార్య అంటుంది.

నువ్వు వద్దంటే తీసేస్తాను. నవలే ఆపేస్తాను. జవాబు రాయి.

నీ చెల్లెలు
గోపిక


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 2004

గోపీ,

వద్దనను. రాయి. ఆ నాచు తినే పిల్లకు నూనె పెట్టి జడ వేసే సంగతి మాత్రం మర్చిపోకు. చదువుకున్నదానివి, నెత్తురు రంగు చెబుతావు గానీ పిల్ల తల దువ్వించవు.

నీ కాపరి భార్య కోసం ఒక సంగతి రాస్తున్నాను, పనికొస్తే వాడుకో. పోయిన వారం మా పెద్ద బర్రె ఈనింది. మా అత్తగారింట్లో పద్ధతి నీకు తెలుసు. ఈనిన మొదటి పాలతో జున్ను వండి వాడకట్టంతా పంచాలి. మొదటి ముక్క ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ నోట్లో పెట్టాలి. పాలను కాదంటే గొడ్డు అలిగి పాలు దాచుకుంటుందని వీళ్ళ నమ్మకం. చుట్టాలంతా కూర్చున్నారు. అత్తమ్మ ముక్క చేతిలో పట్టుకుని రేణుకను పిలిచింది.

"అత్తమ్మా, వద్దు" అన్నాను.

"మింగదే. పెదవులకు అద్దుత, గంతే" అంది.

నేను పిల్లను చంకనేసుకుని గడప మీద నిలబడ్డాను. "దీని నోట్లె ఒక్క సుక్క పడ్డా నేను ఈ ఇంట్ల బువ్వ ముట్ట" అన్నాను. ఎదురింటి శాంతాబాయి బుగ్గన వేలు పెట్టుకుంది. "గొల్లోళ్ల ఇంట్ల పాలు తాగని పిల్లనా?" అని ఎవరో అన్నారు. ఔను, మా ఇంట్లోనే పుట్టింది, ఏం చేస్తారు?

మామ దొడ్డివైపు తిరిగి మందకు వేసినట్టే చిన్నగా ఈల వేశాడు. రేణుక నా భుజం మీద నుంచి తల తిప్పి తిరిగి వేసింది. నాలుగేళ్ళు నిండినా దానికి మాటలు సరిగ్గా రావు, అది ఈ జబ్బుతో పాటు వచ్చేదేనని డాక్టరు చెప్పాడు కదా. ఈలలు మాత్రం తాతకు దీటుగా వేస్తుంది. నువ్వు ఇదంతా ఎప్పుడో గమనించి పెట్టుకున్నావన్నమాట, దొంగ.

అత్తమ్మ ఆ ముక్కను కుక్కకు వేసింది. అప్పట్నుంచి నాతో మాట్లాడదు. రేణుకతో మాత్రం పొద్దంతా మాట్లాడుతుంది. తల దువ్వుతుంది, మంద దగ్గరికి ఎత్తుకుపోతుంది. పిల్ల మీద ఆమె ప్రేమకు నేను వంక పెట్టలేను. అదే నా బాధ కూడా.

పత్రిక పంపు. ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను.

యశోద


సూర్యాపేట,
ఏప్రిల్ 2004

అక్కా,

రెండు భాగాలు వచ్చాయి, కలిపి పంపుతున్నాను. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే హర్యా సార్ చదివి, "ఓడ ఎట్ల దిగిందో రాయలేదేంది మేడం" అని నిలదీశాడు. ఓడ గురించి మీరు రాయండి, నేను కడుపు గురించి రాస్తాను అన్నాను. నడిగూడెం నుంచి ఒకాయన కార్డు రాశాడు. "మరి ఈ పిల్ల మన దగ్గర ఏం తిని బతకాలి తల్లీ? ఏదో ఒకటి చెప్పు, నాకు మనసున పడతలేదు" అని. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. జొన్న రొట్టె, పెసర్లు, బెల్లం, నువ్వులు పడతాయని మూడో భాగంలో రాసేశాను. జడ కూడా వేయించాను.

నీ గడప సీను నాలుగో భాగంలో ఉంది. ఊరివాళ్ళు ఒక చుక్క పెదవులకు అద్దేస్తారు. ఈల పెదవులు నల్లబడతాయి, పడిపోతుంది. కాపరి భార్య అందరినీ బయటికి వెళ్ళగొడుతుంది.

ఇక గొడవ. లక్ష్మీకాంతమ్మ గారు పిలిపించారు. కోదాడ వెళ్ళాను. ఉప్మా పెట్టి, మంచి మాటలు చెప్పి, చివరికి ముగింపు దగ్గరికొచ్చారు.

"చూడమ్మా గోపికా, కథంతా బావుంది. అయితే ఆఖర్న ఆ తల్లి ప్రేమగా ఇచ్చిన పాలు ఆ పిల్లకి పడాలి. నీలం పెదాలు ఎర్రబడాలి. మన పిల్ల అయిపోవాలి. చదివినవాళ్ళు పైట చెంగుతో కళ్ళు తుడుచుకోవాలి. ప్రేమకి లొంగని విషం ఉంటుందేంటమ్మా?" అన్నారు.

ఎంజైమ్‌కు ప్రేమ అర్థం కాదండీ అన్నాను. ఆమె నవ్వి, "కథకి అర్థమవుతుందిలే" అన్నారు. అలా ముగిస్తే పుస్తకంగా కూడా తానే వేస్తానన్నారు. నేను ఏమీ మాటివ్వకుండా వచ్చేశాను. ఆమె చెడ్డ మనిషి కాదు. అదే చిరాకు. చెడ్డవాళ్ళయితే ఒక మాట అని తెంపుకోవచ్చు.

గోపిక


మిర్యాలగూడ,
మే 2004

గోపీ,

అందరూ బాగున్నారు. ఎండలు బాగా ఉన్నాయి. మామ మందను సాగర్ కాల్వవైపు తోలుకుపోయాడు. మేకల్ని మాత్రం ఇంటి దగ్గరే ఉంచాడు.

నీ కథ చదువుతున్నాను. అత్తమ్మ మొదట తలుపు వెనక నిలబడి వినేది. ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంటోంది. పత్రిక రావడం ఆలస్యమైతే "ఆ ఈల పిల్ల ముచ్చట రాలేదా" అని అడుగుతుంది, నన్ను కాదు, గోడను.

ఒకటి అడుగుతాను. నీ ఈల మేకపాలు తాగితే ఏమవుతుంది? మేకపాలలో కూడా అదే చక్కెర ఉంటుందా, లేక వేరేనా? ఊరికే, కథ కోసం అడుగుతున్నాను. తొందరగా జవాబు రాయి. ఫోను చేయకు.

యశోద


సూర్యాపేట,
మే 2004

అక్కా,

బర్రె పాలైనా, మేకపాలైనా, గొర్రెపాలైనా, తల్లిపాలైనా చక్కెర ఒకటే. కొన్నిటిలో కాస్త ఎక్కువ, కొన్నిటిలో కాస్త తక్కువ. ఈలకు అన్నీ విషమే. పిల్లలకు మేకపాలు మంచివని మనవాళ్ళంటారు. మామూలు పిల్లలకైతే కావచ్చు.

నువ్వు ఊరికే ఏదీ అడగవు. చిన్నప్పుడు "ఊరికే" అన్నావంటే చెయ్యి విరిగి వచ్చినట్టే. ఏమైంది? రేణుక ఎలా ఉంది? మొన్నటి చెకప్‌లో ఏమన్నారు? ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఇక్కడి సంగతి చెబుతాను, నన్ను తిట్టకు. రెండు ముగింపులు రాసిపెట్టాను. ఒకటి నాది. ఇంకొకటి లక్ష్మీకాంతమ్మ గారు కోరింది, ఈల పాలు తాగి మనిషైపోయేది. నిజం చెప్పాలంటే రెండోది బాగా వచ్చింది. రాస్తూ నేనే చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. కథే కదా అని ఒక మనసు, సిగ్గులేదా అని ఇంకో మనసు. పుస్తకం మీద నా పేరు చూసుకోవాలని ఉంది అక్కా. ఇన్నేళ్ళు కప్ప బొమ్మలు దిద్దినదాన్ని. కవరు మీద అడ్రసు కూడా రాసేశాను. పోస్టు చేయడమే మిగిలింది.

గోపిక


మిర్యాలగూడ,
జూన్ 2004

గోపీ,

ఆ కవరు పోస్టు చేసి ఉంటే వెనక్కి తెప్పించు. చేయకపోయి ఉంటే చింపెయ్యి. ఎందుకో చెబుతాను. చదివాక బస్సెక్కి ఇక్కడికి రాకు, నీకు కోదాడలో పని ఉంది.

ఉగాది తర్వాత రేణుక గడపలు తట్టుకోవడం మొదలుపెట్టింది. నా మొహం కేసి చూడమంటే కళ్ళు చికిలించేది. కంటి డాక్టరు లైటు వేసి చూసి, రెండు కళ్ళలో పొర కడుతోందన్నాడు. ముసలివాళ్ళకు వచ్చే పొర. హైదరాబాద్ కాగితాలు చూపించాను. చదివి, "పాలు పడుతున్నరా అమ్మా?" అని అడిగాడు. నా ప్రాణం పోయినా పట్టనన్నాను. ఆయన నమ్మలేదు. మీ బావ కూడా దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. రైసుమిల్లు పని మానుకుని వచ్చిన మనిషి, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నా మీద చూపించాడు. నేను బిస్కెట్ల పొట్లాలు, బ్రెడ్డు కవర్లు అన్నీ వెతికి చూశాను. ఎక్కడా ఏమీ దొరకలేదు.

తర్వాత ఒక పొద్దున బువ్వకు పిలుద్దామని మేకల దొడ్డికి పోయాను. అత్తమ్మ మేకను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. రేణుక పొదుగు ముందు నోరు తెరుచుకుని నిలబడింది. అత్తమ్మ చన్ను నొక్కి నేరుగా దాని నోట్లోకి పిండుతోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. దొంగపని చేసేవాళ్ళు అట్లా ఉండరు.

"ఏందత్తమ్మా ఇది?"

"మందు" అంది. నాతో మాట్లాడక మూడు నెలలు, మొదటి మాట అది.

"డాక్టరు పాలొద్దన్నడు."

"పాలొద్దన్నడు. నేను పాలు పోస్తున్ననా? గివి మేకవి. పిల్ల బక్కగైంది, మాట వస్తలేదు. మా అమ్మ నాకు పోసింది, నేను నీ మొగనికి పోసిన. గిన్నెల పోసిన్నా, పొయ్యి మీద పెట్టిన్నా? నీ మాట నేను దాటలే."

గోపీ, ఆమె అబద్ధం చెప్పలేదు. ఈ ఇంట్లో పాలంటే బర్రెవి. మేకవి మందు. దగ్గుకు, నీరసానికి, ముసలివాళ్ళ నొప్పులకు ఇచ్చే మందు. ఈ తేడా మనం డాక్టరుకు చెప్పలేదు, ఆయన మనల్ని అడగలేదు. ఆమె అంత గట్టిగా అంటుంటే ఒక గడియ నాకే అనుమానం వచ్చింది. అందుకే నిన్ను అడిగాను. కళ్ళ సంగతి రాస్తే నువ్వు వచ్చి ఆమెతో పోట్లాడతావని దాచాను. మీ పోట్లాటలో ఆమె గెలుస్తుంది.

నీ జవాబు ఆమెకు చదివి వినిపించాను. "కాయితం మీద ఎవ్వలేమన్న రాస్తరు" అని కొట్టిపారేసింది. కానీ నీ ఈలను నమ్ముతుంది. అది విను. పెదవులు నల్లబడిన భాగం చదివిన రోజు ఆమె ముద్ద మింగలేదు. "ఊరోళ్లకు బుద్ధి లేదు, పరాయోళ్లు పోస్తే ఎట్ల పడతయి" అంది. ఆ వెంటనే ఏమందో తెలుసా? "ఆఖర్ల తాగుతది సూడు. ఆ తల్లి తన చేత్తోని పోస్తది, పిల్ల తాగుతది. ప్రేమతోని పోసినయి పడకుంట ఉంటయా?"

మీ లక్ష్మీకాంతమ్మ గారూ, మా అత్తమ్మా ఒకరినొకరు చూడలేదు. ఇద్దరిదీ ఒకటే మాట. ఇప్పుడు నువ్వు కూడా అదే రాసి, అది అచ్చులో వస్తే, ఈ ఇంట్లో ఇక నా మాట ఎవరు వింటారు? నేను పొద్దున లేచి మేకలకు ఎన్నాళ్ళు కాపలా కాయను? డాక్టరు ఒకటే చెప్పాడు. ఇప్పటికిప్పుడు ఆపితే పొర దానంతట అదే తగ్గవచ్చు, ఆపకపోతే కళ్ళు పోతాయి.

ప్రేమ చాలదు గోపీ. నా మొదటి బిడ్డకు నేను ప్రేమ తక్కువ చేశానా?

ఆ పిల్లకు పాలు తాగించకు.

యశోద


సూర్యాపేట,
ఆగస్టు 2004

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే కవరు చింపేశాను. ముక్కలు కూడా మిగలకుండా పొయ్యిలో వేశాను. రెండో రోజు కోదాడ బస్సెక్కాను. నువ్వు చెప్పినట్టే నేను చేయాల్సిన పని అక్కడే ఉంది.

లక్ష్మీకాంతమ్మ గారి చేతిలో నా ముగింపు పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చదివారు. మొత్తం చదివారు, అది ఒప్పుకోవాలి. "ఇది ముగింపేంటమ్మా? ఏదీ మారలేదుగా" అన్నారు.

"మారదండీ. రాగి నెత్తురు ఎర్రబడదు. ఎర్రబడిందంటే ఆమె ఈల కాదు. ఈలను చంపి, ఆ చోట ఇంకో పిల్లను కూర్చోబెట్టినట్టు" అన్నాను.

"కథల్లో కూడా కనికరం లేకపోతే ఇంకెక్కడుంటుంది?"

"మనలాగా మారితేనే అన్నం పెడతామంటే అది కనికరం ఎట్లా అవుతుందండీ?"

ఆమె కాగితాలు మడిచి పక్కన పెట్టారు. రేణుక సంగతి చెప్పి ఉంటే కరిగిపోయేవారు, నాకు తెలుసు. చెప్పలేదు. నా మేనకోడలిని చూపించి జాలి అడుక్కుంటే మళ్ళీ అదే కన్నీళ్ళ ముగింపు అవుతుంది. చివరికి, "అయితే సీరియల్ ఆపేస్తానమ్మా. నా పత్రికలో తల్లి పోసిన పాలు ఓడిపోవడం నేను వేయలేను" అన్నారు. ఆపండి అన్నాను. కాగితాలు తీసుకుని బయటికొచ్చాను. కోదాడ బస్టాండులో చాయ్ అడిగాను, పాలు లేకుండా. అతను నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాగోలేదా అండీ?" అన్నాడు. ఒంట్లో ఇంత బాగా నాకు ఎప్పుడూ లేదు.

ఈ నెల పత్రికలో ఏం వేశారో చూశావా? "రచయిత్రి అనారోగ్యం కారణంగా సీరియల్ నిలిపివేస్తున్నాము" అట. నాకు రోగం అంటగట్టారు. మా పిల్లలు క్లాసులో "మేడం, ఈల ఏమైంది?" అని ప్రాణం తీస్తున్నారు. చేతిరాత ప్రతిని జిరాక్స్ తీసుకుని పంచుకుంటామంటే ఇచ్చేశాను. పుస్తకం మీద పేరు లేకపోతే లేకపోయింది.

అసలు ప్రతి నీకు పంపుతున్నాను. మీ అత్తమ్మకు చదువు. బర్రె ఈనుతుంది, ఊరంతా జున్ను గిన్నెలతో వస్తుంది, కాపరి భార్య అడ్డం నిలబడుతుంది. "ఈ పిల్ల మారదు" అంటుంది. ఈల కోసం వేరే చిన్న కుండ కొని, మూలన వేరే పొయ్యి పెట్టి, వేరే పళ్ళెంలో ఆమె తిండి ఆమెకు వడ్డిస్తుంది. ఈల తిని ఈల వేస్తుంది. అంతే.

పొర ఎట్లా ఉంది? ఈసారి దాచకు.

గోపిక


మిర్యాలగూడ,
అక్టోబరు 2004

గోపీ,

ముందు కళ్ళ సంగతి. పల్చబడింది. డాక్టరు రెండుసార్లు లైటు వేసి చూశాడు. ఎడమ కంట్లో కొంచెం మిగిలింది, చూడాలి అన్నాడు. రేణుక ఇప్పుడు గడపలు తట్టుకోవడం లేదు. సూదిలో దారం ఎక్కించబోయి మామ దగ్గర చీవాట్లు తింది.

ఇక మా ఇంటి ముచ్చట. సీరియల్ ఆగిపోయిందని చెప్పిన రోజు అత్తమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఆగుడేంది? పిల్ల సచ్చిందా, బతికిందా? గట్ల నడుమ ఇడిసిపెడతరా?" అని నన్నే తిట్టింది, నేనే పత్రిక నడుపుతున్నట్టు. నీ కవరు వచ్చేదాకా పోస్టుమ్యాన్‌ను కూడా వదల్లేదు.

చివరి భాగం చదివాను. మామ, మీ బావ, శాంతాబాయి, అందరూ ఉన్నారు. కాపరి భార్య అడ్డం నిలబడ్డప్పుడు అత్తమ్మ "ఇగ పోస్తది, ఇగ పోస్తది" అనుకుంటూ ముందుకు వంగింది. పోయలేదు. ఈ పిల్ల మారదు అన్న మాట చదివాను. తర్వాత వేరే కుండ, వేరే పొయ్యి, వేరే పళ్ళెం చదివి ముగించాను.

"మూలకు కూసోబెట్టిందా?" అని అడిగింది.

"ఆఁ, అత్తమ్మా."

"ఏరే పళ్లెంలనా?"

"ఆఁ."

లేచి లోపలికి పోయింది. ఆమెకు కోపమొచ్చిందని అనుకున్నాను. తెల్లారి దొడ్డికి పోయి చూస్తే మేక పొదుగుకు గుడ్డసంచి కట్టి ఉంది. మేకపిల్లలు పాలు తాగకుండా మనవాళ్ళు కట్టే సంచి. ఈసారి అది మేకపిల్లల కోసం కాదు. ముడి మీద ముడి వేసి కట్టింది. నేను చూశానని ఆమెకు తెలుసు. ఆ రోజు నుంచి ఆమె చాయ్‌లో కూడా పాలు పోసుకోవడం లేదు. వేపాకు నమిలినట్టు మొహం పెట్టి తాగుతుంది, అడిగితే మస్తుగుంది అంటుంది.

మొన్న చిన్న బర్రె ఈనింది. వాడకట్టు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. అత్తమ్మ మొదటి పాలన్నీ దూడకు వదిలేసింది. పొద్దున్నే లేచి జొన్న రొట్టెలు కాల్చి, బెల్లం, నువ్వులు వేసి దంచి, నెయ్యి చుక్క తగలకుండా మలీద ముద్దలు చేసి పెద్ద తాంబాళంలో పెట్టుకుని కూర్చుంది.

శాంతాబాయి తాంబాళంలోకి తొంగి చూసి, "ఏంది మైసక్కా, జున్ను లేదా? బర్రె అలుగుతది" అంది.

"అలిగితే అలగనియ్యి. ఈనింది మా బర్రె, అలిగేది మా మీదనే" అంది అత్తమ్మ. "మా పిల్లకు పడనిది ఈ ఇంట్ల ఎవ్వలకు పెట్ట. తింటే మలీద తిను, లేకుంటే గిన్నె తీస్కొని పో."

శాంతాబాయి తింది. రెండోది కూడా అడిగింది. మొదటి ముద్ద మాత్రం అందరి ముందూ రేణుక నోట్లో పడింది. ఈసారి నేను గడప మీద నిలబడాల్సిన అవసరం రాలేదు. నాకు ఎక్కడ నిలబడాలో తోచక వంటింట్లోకి పోయి, గోడ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఇద్దరం అంట్లు తోముతుంటే అత్తమ్మ చెప్పింది, నాతోనే, గోడతో కాదు. "మీ చెల్లెకు రాయి. అన్ని మంచిగ రాసింది, ఆఖర్ల తప్పు రాసింది. ఎక్కడికెల్లో వచ్చిన పిల్ల, పాలతోని సావకపోతే మూలకు కూసుండి సస్తది. ఏరే కుండ ఎందుకు? ఇంటోళ్లు ఆ పిల్ల తినేదే తినాలె. గా ముసల్దానికి గింత తెల్వదా?"

కాపరి భార్య ముసలిదని నువ్వెక్కడా రాయలేదు. ఆమే అట్లా అనుకుంది.

కాబట్టి గోపీ, నిన్ను ఏదీ మార్చవద్దన్నదాన్ని నేనే, ఇప్పుడు మార్చమంటున్నాను. నెత్తురు రాగిదే ఉండనీ. పెదవులు నీలంగానే ఉండనీ. ఆ పిల్లలో ఒక్కటీ ముట్టుకోకు.

కుండ మార్చు.

యశోద